లుంగీకి లేని జేబు

కాలిఫోర్నియాలో ఒక గ్యారేజీ. శనివారం రాత్రి. లుంగీ కట్టుకున్న సాఫ్ట్‌వేర్ ఇంజినీరొకాయన తన పాత గిటార్ ఆంప్ వెనక చతికిలబడ్డాడు. లోపల రెండు 6ఎల్6 ట్యూబులు. ఒకటి బుద్ధిగా వెలుగుతోంది. రెండోదాని ప్లేటు కుంపట్లో బొగ్గులా ఎర్రబడుతోంది.

ట్యూబులో గ్రిడ్‌ది కాపలాదారు ఉద్యోగం. దానికి మైనస్ 50 వోల్టుల చిల్లర ఇస్తే ఎలక్ట్రాన్లను లెక్కపెట్టి లోపలికి పంపుతుంది. ఆ మైనస్ తగ్గిందా, పెళ్లి పంక్తికి తలుపులు తీసినట్టే! దీని పేరు ఫిక్స్‌డ్ బయాస్. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్నట్టు, పేరుకే ఫిక్స్‌డ్. స్క్రూడ్రైవర్ పట్టుకుని సర్దుతూనే ఉండాలి.

ఆయన మొదట పర్సు తీశాడు. కొత్త ట్యూబుల జత వచ్చింది. అదే సాకెట్లో కొత్తదీ ఎర్రబడింది. అప్పుడు రెండింటినీ అటూ ఇటూ మార్చాడు. ఎరుపు ట్యూబు వెంట పోలేదు, సాకెట్‌నే అంటిపెట్టుకుంది. పాత ట్యూబులతోనే ఈ పని చేసి ఉంటే పైసా ఖర్చయ్యేది కాదు.

తర్వాత ఆ స్క్రూడ్రైవర్‌తో బయాస్ సర్దే పాట్ తిప్పాడు. ఎరుపు తగ్గింది గానీ బుద్ధిగా ఉన్న ట్యూబు చల్లబడి గొంతు పీలగా మారింది. ఒకడు అల్లరి చేస్తే ఇద్దరికీ తొడపాశం పెట్టినట్టయింది.

ఇక మిగిలింది తెనాలి మామయ్య. ఫోన్ చేశాడు. అక్కడ ఆదివారం ఉదయం. ఆయన వాల్వు (అదే, ట్యూబు) రేడియోలు బాగుచేస్తూ జీవితం గడిపిన మనిషి. లియో ఫెండర్ కూడా 1938లో ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు షాపు పెట్టినవాడే, గిటార్ వాయించడం రానివాడే. కాబట్టి మామయ్య అర్హతను శంకించనక్కర్లేదు.

“ముందు ఒక చెయ్యి జేబులో పెట్టుకోరా అల్లుడూ. రెండు చేతులూ ఆంప్‌లో పెట్టావంటే కరెంటు గుండె మీదుగా పోతుంది.”

లుంగీకి జేబేదీ? చెయ్యి వీపు వెనక్కి పెట్టుకున్నాడు. (హాస్యానికి ఇక్కడ చిన్న విరామం: ప్లగ్ పీకేశాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో 400 వోల్టులు పొంచి ఉండొచ్చు. వాటిని ఖాళీ చేశాకే సోల్డరింగ్.)

మామయ్య చెప్పినట్టు ట్యూబులు తీసేసి 5వ పిన్ను దగ్గర మీటరు పెట్టాడు. ఒక సాకెట్లో మైనస్ 52. రెండోదాంట్లో మైనస్ 31. రెండింటికీ బయాస్ వచ్చేది ఒకే చోటి నుంచి. అక్కడి డయోడో కెపాసిటరో పోయుంటే రెండు చోట్లా తగ్గాలి కదా? అవి నిర్దోషులు.

“కప్లింగ్ కెపాసిటర్ లీకయిందిరా!” మామయ్య నవ్వు ఫోన్లోంచి బయటికి దూకింది. పేపర్ కెపాసిటర్ల కాలంలో అది ఆయన రోజూ చూసిన జబ్బు. ముందు స్టేజీ ప్లేటు మీదున్న 200 పైచిలుకు ప్లస్ వోల్టుల్లో కొన్ని ఇవతలికి కారి మైనస్‌ను తినేస్తున్నాయి. ఆ కెపాసిటర్ ఒక కాలు విప్పగానే మీటరు మైనస్ 52 చూపించింది. ముద్దాయి ఖరీదు కప్పు కాఫీ అంత కూడా లేదు.

కొత్తది వేశాక బయాస్ లెక్క. 6ఎల్6జీసీ ప్లేటు సామర్థ్యం 30 వాట్లు. అందులో 70 శాతం అంటే 21. ప్లేటు మీద 450 వోల్టులుంటే 46 మిల్లీయాంపులకు మించకూడదు. క్యాథోడ్ కింద 1 ఓమ్ రెసిస్టర్ ఉంది గనక ఒక మిల్లీవోల్టు ఒక మిల్లీయాంపుతో సమానం. తీరా పాట్ తిప్పి కరెంటు పెంచితే ప్లేటు వోల్టేజీ తగ్గింది, లెక్క మళ్లీ మొదటికొచ్చింది. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు. మూడు రౌండ్లకు రెండూ కుదిరాయి.

“మా రేడియోల్లో క్యాథోడ్ కింద పెద్ద రెసిస్టర్ పెట్టేవాళ్లం, వాల్వు తన బయాస్ తనే చూసుకునేది. సరే, వాయించు, వింటాను.”

అల్లుడు వాల్యూమ్ పూర్తిగా పెంచి తీగ మీటాడు. గ్యారేజీ షట్టరు అదిరింది.

“అయ్యయ్యో, ఇంకా గరగర ఉందిరా. మళ్లీ విప్పు!”

“గరగర కోసమే కదా మామయ్యా ఇదంతా.”

తెనాలి వైపు నుంచి చాలాసేపు మాట లేదు.