శ్వాస మీద ధ్యాస, పసుపు మీద దిగులు

గుండెపోటుకు కారణాలేమిటని అడిగితే డాక్టర్లు ఇన్నాళ్లూ బీడీ, బీపీ, షుగరు, కొవ్వు అంటూ ఏవేవో చెబుతూ వచ్చారు. పాపం, అసలు దోషి వాళ్లకు దొరకలేదు. ఇప్పుడు దొరికాడు. సరిగ్గా ఊపిరి పీల్చుకోవడం చేతకాని మనిషే ఆ దోషి! ధ్యాన శిబిరాల కరపత్రాలూ, ఫోను ఆప్‌లూ, కంపెనీల వెల్‌నెస్ తరగతులూ కలిసి తేల్చిన సూత్రం ఇది: ఒత్తిడి వల్ల ఒంట్లో లోలోపలి వాపు, అంటే ఇన్‌ఫ్లమేషన్, దానివల్ల గుండెజబ్బు. ధ్యానం చేస్తే ఒత్తిడి పోతుంది కాబట్టి గుండెజబ్బూ పోతుంది. ఎక్కాల పుస్తకంలో లెక్కలా ఎంత శుభ్రంగా ఉందో! చెప్పేవాడికి వినేవాడు లోకువ కాబట్టి మధ్యలో ఎన్ని మెట్లు ఎగ్గొట్టారో ఎవరూ అడగరు. అడగాల్సి వస్తే దానికి కడప జిల్లా మైదుకూరు మంచి చోటు. అక్కడ ఒత్తిడికీ కొదవ లేదు, ఇన్‌ఫ్లమేషన్‌కు మందని లోకమంతా నమ్మే పసుపుకూ కొదవ లేదు.

ముందు సూత్రంలో నిజం ఎంతో ఒప్పుకుందాం. గుండె రక్తనాళం గోడలో కొవ్వు చేరుతుంది. దాన్ని మింగడానికి వెళ్లిన తెల్ల రక్తకణాలు మింగీ మింగీ అక్కడే ఉబ్బి చచ్చిపోతాయి. ఆ చెత్త మీద పల్చటి పొర కట్టుకుంటుంది. లోపలి వాపు ఎక్కువై ఆ పొర చిట్లితే రక్తం అక్కడే గడ్డకట్టి దారి మూసేస్తుంది. మిగతాది అంబులెన్సు పని. ఇందులో మనసుకూ వాటా ఉంది. 2017లో లాన్సెట్‌లో వచ్చిన ఒక అధ్యయనం 293 మంది మెదడు స్కాన్లు చూసింది. భయాన్నీ ఆందోళననూ పట్టి చూపే అమిగ్డలా అనే భాగం ఎవరిలో ఎక్కువ చురుగ్గా ఉందో, వాళ్లలో ఎముక మజ్జ చురుకుదనమూ రక్తనాళాల వాపూ ఎక్కువగా కనిపించాయి, తర్వాతి ఏళ్లలో గుండెజబ్బులూ ఎక్కువగా వచ్చాయి. అంతకుముందు 2004లో 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం గుండెపోటుకు తొమ్మిది ప్రధాన కారణాలు తేల్చింది. పొగాకు, బీపీ, షుగరు, చెడు కొవ్వుతో పాటు మానసిక ఒత్తిడి కూడా ఆ జాబితాలో ఉంది. కాబట్టి దిగులు గుండెను తినదని వాదించడం నా పని కాదు. తింటుంది.

అయితే ధ్యాన వ్యాపారులు ఇంటర్‌హార్ట్ పేరు చెప్పేటప్పుడు ఒక పేజీ తిప్పేస్తారు. ఆ అధ్యయనం ఒత్తిడిని ఎలా కొలిచింది? పనిలో ఒత్తిడి, ఇంట్లో ఒత్తిడి, ఏడాదిలో మీద పడిన కష్టాలు, వాటితో పాటు డబ్బు ఇబ్బంది అని విడిగా ఒక ప్రశ్న. అంటే ఒత్తిడికి ఒక అడ్రసు ఉంది. మైదుకూరు వైపు పసుపు వేసిన రైతునే తీసుకోండి. కర్నూలు-కడప (కేసీ) కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారో, వదిలినవి తన చేను దాకా వస్తాయో రావో తెలియదు. విత్తనపు కొమ్ము నాటాక తవ్వేదాకా ఎనిమిది తొమ్మిది నెలలు. తవ్వాక ఉడకబెట్టాలి, కల్లంలో రోజుల తరబడి ఎండబెట్టాలి, పాలిష్ పట్టించాలి. అంతా అయ్యాక వ్యాపారి వచ్చి బస్తాలో చెయ్యి పెట్టి, ఒక కొమ్ము తీసి పుటుక్కున విరిచి, లోపలి రంగు చూసి ఒక ధర అంటాడు. తొమ్మిది నెలల చాకిరీకి తొమ్మిది సెకన్ల తీర్పు! కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల్లో పసుపు లేదు కాబట్టి ఆ తీర్పు మీద అప్పీలు కూడా లేదు. ఈ మనిషికి అమిగ్డలా చురుగ్గా ఉంటే అది జబ్బు కాదు, దానికి లెక్కలు బాగా వచ్చని అర్థం. అతనికి మీరిచ్చే సలహా? కళ్లు మూసుకో, ఈ క్షణంలో ఉండు! ఈ క్షణంలోనే కదా వ్యాపారి కొమ్ము విరిచింది.

పల్లెవాళ్లకు గుండెజబ్బులెక్కడివి, అది పట్నం జబ్బు అనేవాళ్లు ఇంకా ఉన్నారు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్లలో మరణాలను ఒక్కొక్కటిగా విచారిస్తే, దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే జరిగాయని తేలింది. కాలువల కింద పచ్చగా ఉండే చోట పరిస్థితి అది. వాన కోసం మొగులు చూసే సీమలో ఇంకా తేలిగ్గా ఉంటుందని నమ్మడానికి నాకైతే కారణం కనబడదు.

సరే, ఒత్తిడి గుండెకు చెరుపు అనుకున్నాం. మరి ఊపిరిని గమనిస్తే ఆ చెరుపు పోతుందా? నిప్పు కాలుస్తుందని రుజువైతే విసనకర్ర ఆర్పుతుందని రుజువైనట్టు కాదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017లో ధ్యానం మీది పరిశోధనలన్నీ ముందేసుకుని ఇచ్చిన తీర్పు చాలా ముక్తసరిగా ఉంది: మేలు ఉండొచ్చు, ఆధారాలు బలహీనం, మందులూ ఇతర జాగ్రత్తలూ ఆపకుండా వాటికి తోడుగా కావాలంటే చేసుకోవచ్చు. మన దేశంలోనే 24 ఆస్పత్రుల్లో, గుండెపోటు వచ్చిన 3,959 మందితో ‘యోగా-కేర్’ అనే పెద్ద పరీక్ష జరిగింది. ఫలితాలు 2020లో అచ్చయ్యాయి. యోగా, ప్రాణాయామం, ధ్యానం నేర్చిన గుంపులో 6.7 శాతం మందికి మళ్లీ పెద్ద ఆపద వచ్చింది. నేర్వని గుంపులో 7.4 శాతం మందికి. ఈ తేడాను యాదృచ్ఛికం కాదని చెప్పడానికి లెక్కలు ఒప్పుకోలేదు. ఊహించినదానికంటే ఆపదలు తక్కువ రావడంతో గట్టిగా తేల్చే బలం పరీక్షకు లేకపోయిందన్నదీ నిజమే. అయితే యోగా నేర్చినవాళ్లు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు, పాత పనుల్లోకి త్వరగా వచ్చారు. ఇది చిన్న మేలు కాదు. ఇంత చక్కటి నిజం చేతిలో ఉండగా, దాన్ని వదిలేసి రక్తనాళాలు కడిగేస్తామని అబద్ధం ఎందుకమ్మాలో నాకు అర్థం కాదు.

ఇన్‌ఫ్లమేషన్ తగ్గిస్తే గుండెపోట్లు తగ్గుతాయా అన్నదానికి నేరుగా జవాబు చెప్పిన పరీక్ష 2017 నాటి కాంటోస్. గుండెపోటు వచ్చి, రక్తంలో వాపును చూపే సీఆర్పీ ఎక్కువగా ఉన్న 10 వేలకు పైగా మనుషులకు ఇన్‌ఫ్లమేషన్‌ను మూలంలోనే అడ్డుకునే ఇంజెక్షన్ ఇచ్చారు. కొవ్వు ఏమీ మారలేదు, అయినా గుండె ఆపదలు 15 శాతం తగ్గాయి. సిద్ధాంతం గెలిచింది. కానీ ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి, మొత్తం మరణాల్లో తేడా రాలేదు. అంత పదునైన మందే అంతవరకు లాక్కొచ్చి ఆగితే, పది నిమిషాలు ముక్కుకొన చూసుకుని సీఆర్పీని ఇంత తగ్గించాం, అంత తగ్గించాం అని చాటుకోవడానికి ఎంత ధీమా కావాలి! పైగా సీఆర్పీ వాపుకు గుర్తు మాత్రమే. అది తగ్గినంత మాత్రాన గుండె బాగుపడినట్టు కాదు. మన పసుపుదీ ఇదే కథ. మైదుకూరు రైతు గిట్టుబాటు లేదని గింజుకునే సరుకు ఎక్కడో కుర్కుమిన్ గొట్టంలో దూరి ఇన్‌ఫ్లమేషన్ మందుగా అమ్ముడుపోతుంది. పసుపులోని ఆ కుర్కుమిన్ అనే పదార్థం ఒంటికి సరిగా పట్టనే పట్టదనీ, 120కి పైగా పరీక్షలు చేసినా గట్టి రుజువు దొరకలేదనీ 2017లో రసాయన శాస్త్రజ్ఞులు తేల్చి రాశారు. పప్పులో పసుపు వేసుకోండి, నష్టం లేదు.

ధ్యానంతో మాత్రం నష్టమేమిటి, ఖర్చు లేదు, సైడ్ ఎఫెక్టు లేదు కదా అంటారు. ఈ అభ్యంతరంలో న్యాయముంది. ఊపిరి ఉచితమే. సీమకు ఇది కొత్తా కాదు. 1990లో కర్నూలులో సుభాష్ పత్రి మొదలుపెట్టిన సొసైటీయే తర్వాత పిరమిడ్ ఉద్యమమై ‘శ్వాస మీద ధ్యాస’ను ఇంటింటికీ చేర్చింది. కూర్చుని మనసు కుదుట పడినవాళ్లు వేలల్లో ఉంటారు, వాళ్లతో నాకు తగాదా లేదు. పిరమిడ్ కింద కూర్చుంటే మూడు రెట్లు ఫలితమన్నప్పుడు కూడా నవ్వి ఊరుకోవచ్చు. సకల రోగాలకూ ధ్యానమే మందు అన్నప్పుడే గొడవ. బీపీ మాత్ర నొప్పి తగ్గించదు, హాయి ఇవ్వదు. ధ్యానం హాయి ఇస్తుంది. ఈ రెంటిలో ఒకటి మానెయ్యమని మనసు అడిగితే ఏది మానేస్తుందో వేరే చెప్పాలా? మాత్ర మానేసిన మనిషికి పక్షవాతం వస్తే, నిష్ఠ చాలలేదు అన్న మాట కూడా సిద్ధంగా ఉంటుంది. డాక్టరు తప్పితే కోర్టు ఉంది. ధ్యానం తప్పితే తప్పు రోగిదే.

ప్రభుత్వాలకు కూడా ఈ వైద్యం మహా ఇష్టం. 2025 జూన్ 21న విశాఖ ఆర్కే బీచ్ నుంచి భోగాపురం వైపు 3 లక్షలకు పైగా జనం యోగా చేసి గిన్నిస్‌కెక్కారు. చూడటానికి కన్నుల పండుగే. రికార్డుకు తలల లెక్క చాలు, గుండెకు బీపీ లెక్క కావాలి. ఇదే రాష్ట్రంలో 2023లో గుండెపోటు రోగుల కోసం మొదలైన స్టెమీ పథకం కింద చిన్న ఆస్పత్రిలోనే ఈసీజీ తీసి, పెద్దాసుపత్రి డాక్టరుకు పంపి, గడ్డ కరిగించే టెనెక్టెప్లేజ్ ఇంజెక్షన్ ఉచితంగా వేస్తున్నారు. అదెన్ని ప్రాణాలు నిలిపినా సముద్రతీరాన ఫొటో రాదు.

అయినా సైన్సు పేరుతో మాట్లాడేవాళ్లతో సైన్సు పద్ధతిలోనే తేల్చుకుందాం. తమిళనాడు చెరకు రైతుల్ని కోతకు ముందూ, కోత డబ్బు వచ్చాకా పరీక్షిస్తే, డబ్బు వచ్చాకే వాళ్ల బుద్ధి చురుగ్గా పనిచేసిందని 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది. అలాంటి పరీక్షే మైదుకూరులో పెడదాం. చీటీలు వేసి పసుపు రైతుల్ని రెండు గుంపులు చేద్దాం. మొదటి గుంపుకు ఎనిమిది వారాలు మైండ్‌ఫుల్‌నెస్. రెండో గుంపుకు క్వింటాకు గిట్టుబాటు ధర, పాత అప్పు మాఫీ. చివర్లో రెండు గుంపులకూ బీపీ చూసి, రక్తం తీసి సీఆర్పీ కొలుద్దాం. ఒక్కటే చిక్కు. మొదటి గుంపులో చీటీ పడ్డవాళ్లు రెండో గుంపులోకి దూకకుండా పోలీసు బందోబస్తు ముందే అడిగిపెట్టుకోవాలి.