మసిరావు గారు

కొండాపూర్, మాదాపూర్, గచ్చిబౌలిల మధ్య ఏ అపార్టుమెంటుకి వెళ్లినా లిఫ్టు ఒకటి, జనరేటరు ఒకటి, మసిరావు గారు ఒకరు ఉండి తీరతారు. మొదటి రెండూ అప్పుడప్పుడు మొరాయిస్తాయి. మసిరావు గారికి ఆ అలవాటు లేదు.

అసలు పేరు ఆధార్ కార్డులో ఉంటుంది. ఇది సెల్లారులో ఆడుకునే పిల్లలు పెట్టింది. వయసు నలభై అయిదుకి అటూ ఇటూ. మైండ్‌స్పేస్‌లో ఏదో ఒక టవర్లో, ఏదో ఒక అంతస్తులో ఆర్కిటెక్ట్. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆయన మాటలన్నీ క్లౌడ్‌లోనే. శనివారం తెల్లారేసరికి చిరుగుల బనీనూ షార్ట్సూ వేసుకుని, కిరసనాయిలు డబ్బాతో సెల్లారులో దిగుతారు.

ఆయన లెక్కలో బండికి వచ్చే రోగం ఒక్కటే, కార్బన్. బండి స్టార్టు కాకపోతే కార్బన్. స్టార్టయితే కార్బన్ ఇంకా ముదరలేదని అర్థం. మైలేజీ తగ్గినా, పికప్ పడిపోయినా, ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజను టకటకలాడినా అదే మాట. లిఫ్టులో కనబడి నమస్కారం పెడితే, "నిన్న రాత్రి మీ కారు లోపలికొస్తుంటే విన్నానండీ" అంటారు. ఆ గొంతు వింటే ఎవరికైనా ఇన్సూరెన్సు కట్టామా లేదా అని అనుమానం వస్తుంది.

తర్వాత పాఠం మొదలు. "పెట్రోలు పూర్తిగా కాలితే నీళ్లావిరీ కార్బన్ డయాక్సైడూ అయిపోతుంది. సగంసగం కాలిందనుకోండి, దానికి రింగుల సందులోంచి పైకెక్కిన ఆయిలు తోడైందనుకోండి, కట్టెలపొయ్యి మీద గిన్నెకి పట్టినట్టు పిస్టన్ నెత్తిన నల్లటి పెచ్చు కడుతుంది. పెచ్చు మందమైనకొద్దీ లోపల చోటు తగ్గి కంప్రెషన్ పెరుగుతుంది. అందులో ఏ మొనో ఎర్రగా కాలి, ప్లగ్గు కంటే ముందే మంట అంటిస్తుంది. ఇంజను తన్నుకుంటుంది." ఇంతలో లిఫ్టు మూడో అంతస్తు దాటిపోతుంది. మీరు దిగాల్సింది రెండో అంతస్తు.

ఆయన పట్టపుటేనుగు యమహా ఆర్ఎక్స్ 100. 98 సీసీ, టూస్ట్రోక్. మన దేశంలో 1985లో వచ్చింది, 1996లో ఆగిపోయింది. వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్‌ని ప్రారంభించింది 1998 నవంబరులో. అంటే హైటెక్ సిటీ పుట్టేనాటికే ఈ బండి రిటైరై రెండేళ్లు. "ఇక్కడి ఆస్తుల్లో అన్నిటికంటే పాతది నాదే" అంటారాయన. రాళ్ల గుట్టలనీ దుర్గం చెరువునీ లెక్కలోకి తీసుకోరు.

టూస్ట్రోక్ అంటే ఆయనకి అంత మోజు ఎందుకంటే, అందులో పెట్రోలుతోపాటు 2టీ ఆయిలు కూడా కాలుతుంది. కాబట్టి మసికి కరువుండదు. పిస్టన్ మీద, హెడ్డులో, ఎగ్జాస్ట్ పోర్టు అంచుల్లో, సైలెన్సరు లోపలి గొట్టంలో, ఎక్కడ చెయ్యి పెడితే అక్కడ పంట. తెనాలిలో బాబాయి దగ్గర్నుంచి ఈ బండి తెచ్చుకున్నప్పుడు సైలెన్సరు పూడిపోయి ఉందట. ఆ సంగతి ఆయన చెబుతుంటే పాతరలో లంకెబిందెలు దొరికిన కథ వింటున్నట్టే ఉంటుంది.

ఇక ఆపరేషను. ముందు ప్లగ్గు తీస్తారు. హెడ్డు నట్లు వరసగా విప్పరు. ఎదురెదురు మూలలవి కొంచెం కొంచెంగా వదులు చేస్తారు, లేకపోతే హెడ్డు వంగుతుందని. కిక్‌రాడ్ని చేత్తో మెల్లగా నొక్కి పిస్టన్‌ని పైకి తెస్తారు. అంచు చుట్టూ గ్రీజు రాస్తారు, రాలిన పొడి సందులోకి జారకుండా. అప్పుడు జేబులోంచి తీస్తారు ఆయుధం. స్క్రూడ్రైవరు కాదు. పిస్టన్ అల్యూమినియం, మెత్తన. ఇనుము తగిలితే గీత పడుతుంది, ఆ గీతలోనే మళ్లీ మసి చేరుతుంది. అందుకని మూతపడిన ఫుడ్‌కోర్టు తాలూకు ప్రీపెయిడ్ కార్డు వాడతారు. అందులో ఇంకా నూటపది రూపాయలు ఉండిపోయాయి. "పెరుగన్నం తినలేకపోయినా కార్డు దండగ కాలేదు" అంటూ నానబెట్టిన పెచ్చు కింద దాన్ని అడ్డంగా దూరుస్తారు. టక్కున ఓ బిళ్ల ఊడుతుంది. కింద లోహం వెండిలా మెరుస్తుంది. ఆ క్షణాన ఆయనకి అమెరికా నుంచి కాల్ వచ్చినా ఎత్తరు.

అంతా గీకి అంచున మాత్రం సన్నటి నల్లటి గీత ఒకటి ఉంచేస్తారు. అది పాతకాలపు మెకానిక్కుల పద్ధతి. ఆ వలయం ఆయిలు పైకి రాకుండా ఆపుతుందని వాళ్ల నమ్మకం. ఈ సిద్ధాంతాన్ని మసిరావు గారు ఆఫీసుకీ తీసుకెళ్లారు. టీములో కుర్రాళ్లు 2009 నాటి మాడ్యూలు ఒకటి పీకేస్తామంటే అడ్డుపడ్డారు. "అన్నీ గీకకండి బాబూ, అంచున కాస్త ఉండనీండి. అదే సీలు." ఆ మాడ్యూలు ఎవరు రాశారో, ఎందుకు రాశారో తెలిసినవాళ్లు ఆ కంపెనీలో ఎవరూ లేరు. అది ఇప్పటికీ నడుస్తోంది.

సిద్దిఖ్‌నగర్ గల్లీలో మెకానిక్ ఆయనకి గురువు, బాధితుడు కూడా. "సార్, మొన్ననే గదా ఇప్పినం. గింతల మళ్లెక్కడికెల్లి వస్తది కార్బన్? మంచిగున్న బండిని గిట్ల ఇప్పుకుంట పోతే గ్యాస్కెట్లకే జీతమైపోతది" అంటాడు. మసిరావు గారు నొచ్చుకోరు. "లోపల చూడకుండా ఎలా చెబుతావ్ అన్నా?" అంటారు. ఇన్‌టేక్‌లో గొట్టం పెట్టి హైడ్రోజన్ వాయువు పంపించి, ఇంజను విప్పకుండానే శుభ్రం చేస్తామనే షాపులంటే అందుకే ఆయనకి గిట్టదు. మసి పోయిందని వాళ్లు ఇచ్చేది కాగితం మీద గ్రాఫు. గ్రాఫులు తయారుచేసే కంపెనీలోనే ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న మనిషి, ఎలా నమ్ముతారు?

కుర్రాళ్ల తొందర అన్నా గిట్టదు. బి-బ్లాకు కుర్రాడొకడు ఎవరో చెబితే పిస్టన్ని కాస్టిక్ సోడా నీళ్లలో వేశాడు. ఇనుప సైలెన్సరుకైతే అది పనికొస్తుంది. అల్యూమినియాన్ని మాత్రం కరిగించేస్తుంది, హైడ్రోజన్ బుడగలు కూడా పుడతాయి. బకెట్ బుసబుసమంటుంటే "మసి పోతోంది అంకుల్!" అన్నాడు. "మసి అక్కడే ఉంది నాన్నా, పిస్టనే పోతోంది" అన్నారు మసిరావు గారు.

ఆయనకి అసలు బాధ వేరే ఉంది. ఆయన పుట్టాల్సింది 1930లలో. అప్పటి మోటారు సైకిళ్ల పుస్తకాల్లో ఇన్ని వేల మైళ్లకోసారి హెడ్డు తీసి మసి గీకమని రాసి ఉండేది, గొలుసుకి నూనె వెయ్యమన్నంత మామూలుగా. తర్వాత పెట్రోలు మెరుగైంది, ఆయిళ్లు మెరుగయ్యాయి. 2000లో మన దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చేసింది. ఆ పేజీ పుస్తకాల్లోంచి ఎగిరిపోయింది.

అయితే భగవంతుడు ఆయనకి పూర్తిగా అన్యాయం చెయ్యలేదు, డైరెక్ట్ ఇంజెక్షన్ కార్లు పంపాడు. వాటిలో పెట్రోలు నేరుగా సిలిండర్లోకే చిమ్ముతుంది. ఇన్‌టేక్ వాల్వుల మీదుగా పోదు కనక వాటిని కడిగే దిక్కుండదు. ఆయిలు ఆవిరి వాటి వెనకే గట్టిపడుతుంది. ట్యాంకులో ఏ మందు పోసినా అక్కడికి చేరదు. అక్రోటు తొక్కల పొడిని గాలితో కొట్టాలి. ఆ పొడి మసిని రాల్చేంత గట్టిది, లోహాన్ని గీరలేనంత మెత్తది. మసిరావు గారు బస్తా తెప్పించారు. "పిల్లాడికి అక్రోట్లు కొనమంటే ఖరీదన్నారు. ఇప్పుడు తొక్కలు కొన్నారా?" అంది వాళ్లావిడ.

డీజిలు కార్లవాళ్లు మాత్రం ఆయన్ని బాగా వాడుకున్నారు. 2020 ఏప్రిల్లో బీఎస్ 6 వచ్చాక ఆ కార్లలో మసి పట్టే డీపీఎఫ్ ఫిల్టరు మామూలైంది. అది ఇంచుమించు 600 డిగ్రీల దాకా వేడెక్కితే గానీ, పట్టిన మసి కాలదు. బయోడైవర్సిటీ జంక్షన్లో అంగుళం అంగుళం జరిగే కారుకి ఆ యోగం ఎక్కడ? ఔటర్ రింగు రోడ్డు ఎక్కించి, తక్కువ గేర్లో, ఎక్కువ ఆర్‌పీఎంలో ఓ అరగంట ఆపకుండా నడపాలి. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీదికి ఆయన ఆర్ఎక్స్‌ని రానివ్వరు, టూవీలర్లకి ప్రవేశం లేదు. అందుకని ఎవరు కారిస్తే వాళ్ల కారు. అపార్టుమెంటు ఇది కనిపెట్టేసింది. "మసిరావు గారూ, మా బండి కాస్త మొద్దుబారినట్టుందండీ. ఆదివారం పొద్దున్న అయిదింటికి శంషాబాద్ వైపు ఓ రౌండు కొట్టకూడదూ? వెనక సీట్లో మా అత్తగారూ మామగారూ రెండు సూట్‌కేసులూ ఉంటాయి, పట్టించుకోకండి." ఆయన నిజంగానే పట్టించుకోరు. ఎయిర్‌పోర్టు వచ్చేదాకా మామగారికి ఫిల్టరు గురించి చెబుతారు.

ఒకసారి వాళ్లావిడ అడగనే అడిగింది. "ఇంటికీ ఆఫీసుకీ దూరం నాలుగు కిలోమీటర్లు. ఇంజను వేడెక్కేలోపు ఆఫీసు వస్తుంది, లేదా సిగ్నలు దగ్గర గంట పడుతుంది. మసి పట్టేది అందుకే అని మీరే చెప్పారు. నడిచో, బస్సులోనో వెళ్తే అసలు పట్టదు కదండీ?" మసిరావు గారు చాలాసేపు ఆలోచించి, "అప్పుడు గీకడానికి ఏముంటుంది?" అన్నారు.

అది తప్పించుకునే మాట కాదు. ఆయన రాసిన కోడంతా ఆయన కళ్ల ముందే పాతబడింది, చెరిగిపోయింది, ఇంకో దేశం టీముకి వెళ్లిపోయింది. ఏడాదంతా చేసిన పనికి మిగిలేది అప్రైజల్లో ఓ అంకె. పిస్టన్‌ని గీకితే మాత్రం తెల్లబడుతుంది. రాలిన పొడి పాత పేపరు మీద కుప్పగా కనబడుతుంది. దానికి రేటింగు ఇచ్చేవాడు ఎవడూ ఉండడు. మసి పోవాలన్నది ఆయన కోరిక కాదు. వారం వారం పట్టాలి, వారం వారం పోవాలి.

అలాంటి ఆయన ఇంట్లో పిడుగు పడింది. 2024 నవంబరులో రాష్ట్రం ఎలక్ట్రిక్ వాహనాలకి రోడ్ టాక్సు ఎత్తేసింది. ఆవిడ తన జీతంతో కారు కొనేసింది. పిస్టన్ లేదు, ప్లగ్గు లేదు, సైలెన్సరు లేదు. మసిరావు గారు దాని చుట్టూ మూడు శనివారాలు తిరిగారు. బానెట్టు ఎత్తారు, దించారు. టైర్లలో గాలి చూశారు, సరిగ్గానే ఉంది. నాలుగో శనివారం ఏం తోచక సెల్లారులో కూర్చుని పేపరు చదివారు. పిల్లలకి భయమేసి వాళ్లావిడతో చెప్పారు.

వర్షాకాలం పోయాక మళ్లీ ఓసారి బానెట్టు ఎత్తారు. ఎలక్ట్రిక్ కారులోనూ లైట్లకీ తాళాలకీ 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది. దాని టెర్మినల్ మీద, గోరంత మేర, తెల్లటి పొడి పేరుకుని ఉంది. "ఏమేవ్! వేడినీళ్లూ వంటసోడా పట్రా!" అన్న కేక అయిదో అంతస్తుకి వినిపించింది. మధ్యాహ్నానికల్లా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఆయన మెసేజ్: "ఎలక్ట్రిక్ కార్లున్నవారందరూ వచ్చే శనివారం బండి తాళాలు వాచ్‌మన్ దగ్గర ఉంచగలరు. కంగారు పడొద్దు, ఇంకా ముదరలేదు."