ఏనుగును దాటిపోయాం

తెనాలి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా మా అమ్మ అడిగే మొదటి మాట, "ఎన్నో నెలరా?" అని. దత్తత కోసం ఎదురుచూసే ఇంట్లో నెలల లెక్కేమిటంటారా? ఆవిడకు వేరే కొలత తెలియదు మరి. మొన్న వేసవిలో "ఇరవై రెండో నెలమ్మా" అన్నాను. అటునుంచి కాసేపు చప్పుడు లేదు. "ఏనుగుకైనా అంతే గదరా" అంది.

ఇప్పుడు ఇరవై ఆరు.

మేముండేది డాలస్ పక్కన. చేతిలో అమెరికా పాస్‌పోర్టు, బిడ్డ కావాల్సింది మన దేశం నుంచి. అంటే ఢిల్లీలో దత్తతల వ్యవహారం చూసే కారా వాళ్లు ఒప్పుకోవాలి, ఇక్కడ ఇమిగ్రేషన్ వాళ్లు ఒప్పుకోవాలి, 1993 నాటి హేగ్ ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ఒకరి కాగితాలకు ఒకరు సరేననాలి. మా మామగారిని ఒప్పించినవాణ్ని, వీళ్లొక లెక్కా అనుకున్నాను. ఆయన్ను ఒప్పించింది మా ఆవిడన్న సంగతి మరిచిపోయాను.

మొదటి దెబ్బ వయసు దగ్గర తగిలింది. రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డ కావాలంటే భార్యాభర్తల వయసు కలిపి 90 దాటకూడదని కారా నిబంధన. ఆవిడకు 43. నా అసలు వయసు 46. ఒకటో తరగతిలో చేర్చుకుంటారని మా నాన్న ఏడాది పెంచి రాయించిన సర్టిఫికెట్ వయసు 47. మీలో సగంమందికి ఈ బాధ తెలిసే ఉంటుంది. కూడితే సరిగ్గా 90. గట్టెక్కామని నేను సంబరపడుతుంటే, "ఇందులో ఎక్కువ తెచ్చిందెవరో చూసుకోండి" అంది మా ఆవిడ. నెలనెలా తలకు వేసుకునే రంగు ఏ నిబంధన కిందా తగ్గింపు ఇవ్వదు.

తర్వాత హోమ్ స్టడీ. సోషల్ వర్కర్ ఇంటికొచ్చి, మనకు బిడ్డను పెంచే అర్హత ఉందో లేదో చూస్తారు. ముందురోజు రాత్రి పొగ అలారాలకు కొత్త బ్యాటరీలు వేశాను, మంటలార్పే ఎర్ర సిలిండరు తెచ్చాను, మందుల పెట్టెకు తాళం పెట్టాను. ఆమె వాటిని రెండు నిమిషాల్లో చూసేసి, మా పదకొండేళ్ల అమ్మాయితో విడిగా మాట్లాడతానంది. తలుపు మూసి అరగంట. బయట నేను తుడిచిన బల్లే మళ్లీ తుడిచాను.

నివేదిక వచ్చింది. అమ్మాయి చెప్పింది చెప్పినట్టే ఉంది: నాన్నకు కోపమొస్తే గరాజ్‌లోకి వెళ్లి ఏదో వెతుకుతున్నట్టు నటిస్తారు, అమ్మ పిలిచేదాకా అది దొరకదు. ఆ ముక్క నోటరీ ముద్రతో సహా ఢిల్లీ చేరింది.

పది గంటల శిక్షణ కూడా తప్పనిసరి. కంప్యూటర్ ముందు కూర్చుని ఆవిడ నోట్సు రాసుకుంది, నేను తలూపాను. బిడ్డ రాగానే చుట్టపక్కాలను పోగెయ్యొద్దట. కొన్నాళ్లపాటు తినిపించడం, నిద్రపుచ్చడం అమ్మానాన్నలే చేయాలట, అప్పుడే వీళ్లు మనవాళ్లని బిడ్డకు తెలుస్తుందట. మరి నేను అప్పటికే అరవైమందికి భోజనాలని క్యాటరింగ్ ఆయనకు చెప్పేశాను. పూతరేకులు కూడా. వద్దని చెప్పే ఫోన్ ఎవరు చేశారో మీరు ఊహించుకోగలరు.

ఇమిగ్రేషన్ అనుమతి గడువు 15 నెలలకు తీరిపోతుంది. పొడిగించాలంటే మళ్లీ వేలిముద్రలు. "అవే వేళ్లండీ" అన్నాను కౌంటర్లో. ఆ అమ్మాయి నవ్వలేదు. కారులో మావాళ్లిద్దరూ నవ్వారు, జోకుకు మాత్రం కాదు.

బిడ్డ ఏ రాష్ట్రం నుంచి వస్తుందో తెలియదు. ఒడిశా కావచ్చు, మహారాష్ట్ర కావచ్చు. ఎందుకైనా మంచిదని హిందీకి మెరుగులు దిద్దుకుంటున్నాను. "పాపం, వచ్చే బిడ్డే తెలుగు త్వరగా నేర్చుకుంటుందిలే నాన్నా" అంది అమ్మాయి, నా హిందీ రెండు నిమిషాలు విని.

పక్కగదిలో చిన్న మంచం వేసి ఏడాది దాటింది. దాని మీది దుప్పటి ఆవిడ ప్రతి ఆదివారం ఉతుకుతుంది. ఎవరూ పడుకోని దుప్పటి ఉతకడమెందుకని ఒక్కసారే అడిగాను. ఆవిడ జవాబు చెప్పలేదు. ఆ రోజు గరాజ్‌లో చాలాసేపు వెతకాల్సి వచ్చింది.

వంటింటి అరలకు అయస్కాంతం తాళాలు బిగించింది మాత్రం నేనే, ఎవరి సాయమూ లేకుండా. బయటికి ఏమీ కనిపించదు. తలుపు మీద అయస్కాంతాన్ని సరిగ్గా ఆ చోట ఆనిస్తేనే లోపలి గొళ్లెం వదులుతుంది. ఆ చోటు మా ఆవిడకు తెలుసు. అమ్మాయికీ తెలుసు.

ఇది రాస్తున్నది శుక్రవారం మధ్యాహ్నం. ఆవిడ ఆఫీసులో ఉంది. కాఫీపొడి సింకు పక్క అరలో ఉంది. అమ్మాయి బస్సు నాలుగింటికి వస్తుంది.