గద్వాల కథ, బనగానపల్లె గోడ

2009 సంక్రాంతికి వచ్చిన కోడి రామకృష్ణ దయ్యం సినిమా ‘అరుంధతి’ కథ నడిచేది గద్వాల సంస్థానంలో. కెమెరాకు చిక్కిన బంగళా మాత్రం బనగానపల్లె నవాబులది. గద్వాల నుంచి తుంగభద్ర దాటి, నంద్యాల జిల్లాలోకి వెళ్లి వెతుక్కోవాలి. దానికిప్పుడు జనం పెట్టిన పేరు అరుంధతి కోట. నవాబుగారి పేరు నవాబుగారితోనే పోయింది.

అసలు గద్వాల కోట 17వ శతాబ్దంలో రాజు సోమనాద్రి కట్టించినది. అందులో దయ్యాల్లేవు, చెన్నకేశవుడి గుడి, డిగ్రీ కాలేజీ ఉన్నాయి. హాల్ టికెట్ మర్చిపోయిన కుర్రాడి కేకను మించి భయపెట్టేదేదీ వినిపించదు. అందుకే టీవీ చానళ్లకు అది కొరగాదు. గుడీ బడీ చూపిస్తే రేటింగులు రావు మరి! మూసిన తలుపు, వెనక డప్పుల మోత, ఎర్రక్షరాల్లో ‘ఏముంది ఆ గదిలో?’ అన్న ప్రశ్న కావాలి. గదిలో ఉండేవి మామూలుగా గబ్బిలాలే. ఆ సంగతి మూడు ప్రకటనల విరామాల తర్వాత గానీ తేలదు.

ఇక ఫోన్ తెలివి వేరు. కోట చరిత్ర కోసం ‘గద్వాల’ అని కొట్టడమే పాపం, నెల్లాళ్లు చీరల ప్రకటనలు వెంటపడతాయి. నూలు చీరకు పట్టంచు కలిపే మగ్గం పనితనం వాటిలో కనిపించదు. పాలిస్టర్ మీద అచ్చేసిన అంచుకూ గద్వాల పేరే, డెబ్బై శాతం తగ్గింపుతో.