ఎక్కిన గేరులోనే దిగాలి

నాతవరంలో ఒక పాత షెడ్డు వెనక, వేపచెట్టు కింద, ఇటుక దిమ్మెల మీద నిలబడి ఉన్నాను. చక్రాలు లేవు. అద్దంలో సాలెగూడులా పగులు. నా నంబరు పలక మీద ఏపీ 31 అన్న అక్షరాలు మాత్రం ఇంకా కనిపిస్తాయి. విశాఖపట్నం జిల్లా ఒక్కటిగా ఉన్న రోజుల్లో పుట్టిన బండిని. ఇప్పుడు నేను నిలబడిన చోటు అనకాపల్లి జిల్లా, నేను ఎక్కి దిగిన కొండలు అల్లూరి సీతారామరాజు జిల్లా.

ఆరు చక్రాల లారీని. ఎక్కడో ఛాసిస్ చేశారు, ఇంకెక్కడో తొట్టి కట్టారు, రంగులు వేసేవాళ్లు నా నుదుటి మీద పువ్వులు గీశారు. ఆ సంగతులు నాకు పెద్దగా గుర్తు లేవు. గుర్తున్నదల్లా నా మొదటి డ్రైవరు. క్లీనర్లు ఆయన్ని గురువుగారూ అనేవారు.

నర్సీపట్నం దాటి డౌనూరు చేరాక ఆయన తప్పకుండా బండి ఆపేవాడు. చక్రాలన్నీ చుట్టి వచ్చి, తాళ్లు లాగి చూసి, అప్పుడు ఘాటీ ఎక్కేవాడు. పైకి బియ్యం, ఉప్పు, సిమెంటు. కిందికి చింతపండు, పసుపు, అల్లం, కాఫీ గింజలు. చింతపల్లి కాఫీ నా తొట్టిలో దిగినన్నాళ్లూ నా చెక్కలకు ఆ వాసన ఉండేది. దిగుడు మొదలయ్యే చోట క్లీనరు కుర్రాడితో ప్రతిసారీ ఒకే మాట అనేవాడు: "ఒరే, ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగాలి. బ్రేకు ఆపడానికిరా, దిగడానికి కాదు."

ఆ మాటలో ఎంత లెక్క ఉందో నా ఒంటికి తెలుసు. లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది. నర్సీపట్నం 60 మీటర్లకు అటూ ఇటూ. బరువుతో కలిపి 16 టన్నుల నేను 900 మీటర్లకు పైగా కిందికి రావాలి. ఎక్కేటప్పుడు తాగిన డీజిల్లో కొంత ఎత్తుగా మారి నాలో దాగి ఉంటుంది. దిగేటప్పుడు అది వేడిగా బయటికి పోక తప్పదు. దగ్గర దగ్గర నాలుగు లీటర్ల డీజిలు మండినంత వేడి. చిన్న గేరులో దిగితే చక్రాలే ఇంజనును తిప్పాలి, ఇంజను తిరగనని మొండికేస్తుంది, ఆ మొండితనమే నన్ను పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో దిగితే భారమంతా నా నాలుగు బ్రేకు డ్రమ్ముల మీద పడుతుంది. డ్రమ్ము కాలి ఉబ్బుతుంది, లైనరుకు దూరమవుతుంది. లైనరు కాలి పట్టు వదిలేస్తుంది. పెడలు తొక్కితే కాలు కిందికి పోతుంది గానీ బండి ఆగదు. వేగం రెండింతలైతే ఆపాల్సిన శక్తి నాలుగింతలవుతుంది. ఘాటీ మొదట్లో 30 అని రాసి ఉండే పలకకు అర్థం ఇదే.

ఈ ఘాటీ దారి గురించి కూడా ఒక మాట చెప్పాలి. నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేయించేటప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత సరైన కూలి ఇవ్వకుండా రాళ్లు కొట్టించాడు. ఆ కడుపుమంట కూడా కలిసి 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషను మీదికి వెళ్లింది. త్వరగా పూర్తి చేయమన్నవాడు ఒకడు, నడుం విరిగినవాడు ఇంకొకడు. నా టైర్లు ఆ రాళ్ల మీదే తిరిగాయి. అందుకే నా కథ చెప్పేటప్పుడు వాళ్లు గుర్తొస్తారు.

గురువుగారు కళ్లు సరిగా కనిపించక దిగిపోయాక నేను చేతులు మారాను. మూడో ఓనరు చేతిలో నా కష్టాలు మొదలయ్యాయి. లైనర్లు అరిగినా మార్చడు. ఫిట్‌నెస్ కోసం బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టే నాడు మాత్రం మంచి టైర్లు అరువు తెచ్చి తొడిగి, సాయంత్రానికి విప్పేవాడు. ఒక డ్రైవరు కాలి ఉన్న డ్రమ్ము మీద చల్లటి నీళ్లు కుమ్మరించాడు. ఎర్రగా కాగిన పోత ఇనుము అది. ఆ క్షణాన నా వెనక కుడి చక్రంలో ఏదో చిట్లింది. ఎవరూ వినలేదు.

చివరి డ్రైవరు పాతికేళ్ల కుర్రాడు. మంచివాడు. ఒకసారి ఖాళీ బండితో తుని రోడ్డు మీద వస్తుంటే స్పీడు గన్ను పట్టింది. గూడ్సు బండికి అలాంటి రోడ్డు మీద గరిష్ఠం 60, మేము 74. తప్పు మాదే, ఫొటో అబద్ధం చెప్పలేదు. 2019 సవరణ తర్వాత చట్టం పెద్ద బండి వేగానికి 2000 నుంచి 4000 రూపాయల దాకా జరిమానా రాసింది. చలానా మెసేజి ఓనరు ఫోనుకు వచ్చింది. "నీ తప్పు, నీ బత్తాలోంచే" అన్నాడు. ఖాళీ బండితో గంటలో రమ్మని ఫోను చేసింది ఎవరో ఆ కుర్రాడికి తెలుసు, నాకూ తెలుసు.

పోయిన డబ్బు ఎక్కడ పూడ్చుకోవాలి? డ్రైవరుకు మిగిలే దారి ఒకటే. లెక్క కట్టి ఇచ్చిన డీజిల్లో ఎంత మిగిల్చుకుంటే అంత అతనిది. డీజిలు మిగలాలంటే దిగుడులో గేరు తీసేయాలని డ్రైవర్ల నమ్మకం. ఆ నెల నుంచి అతను న్యూట్రల్‌లో దిగడం మొదలుపెట్టాడు. ప్రాణం కాపాడడానికి పెట్టిన జరిమానా, ఒకరి మీద పడాల్సింది ఇంకొకరి మీద పడేసరికి, చివరికి ఘాటీలో నా గేరు తీయించింది.

చట్టానికి ఈ సంగతి తెలియదని అనుకోకండి. మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్‌లోనే ఉంది: అతివేగంగా నడిపినవాడే కాదు, తన కింద పనిచేసేవాడి చేత నడిపించినవాడూ శిక్షార్హుడే. పరిమితి దాటకుండా చేరలేని సమయానికి చేరమని ఆదేశిస్తే, ఆ ఆదేశమే ప్రాథమిక సాక్ష్యం. ఆ వాక్యాన్ని నా క్యాబిన్‌లో రంగుతో రాయించి ఉంటే ఎంత బాగుండేది! తిరుమల ఘాటీలో అయితే వేగానికి బదులు సమయాన్నే కాపలా పెట్టారు. చీటీ మీద గంట వేసి ఇస్తారు. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40. అంతకంటే ముందు దిగితే తప్పు. అక్కడ ముందుగా చేరడం నేరం, మా దారిలో ఆలస్యంగా చేరడం నేరం.

ఒక డిసెంబరు రాత్రి చింతపల్లి వైపు సిల్వర్ ఓక్ దుంగలు ఎక్కించారు. కాఫీ తోటలకు నీడనిచ్చే చెట్లు. కాటా వేయలేదు, కళ్లతోనే తూచారు. నా కమాను కట్టలు వంగిపోయాయి. పరిమితి దాటిన బరువుకు చట్టంలో 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2000 ఉన్నాయి. ఆ వేళకు కాటా దగ్గరికి ఎవరు పోతారు? ఫోను మోగింది. "తెల్లారి ఆరింటికల్లా అనకాపల్లిలో ఉండాలి." కుర్రాడు "అలాగే బాబూ" అన్నాడు.

లంబసింగి దగ్గర పొగమంచు దిమ్మరించినట్టుంది. దీపాల వెలుగు ముందుకు పారడం లేదు. గేరు తీశాడు. మేము పెద్ద వేగంగా కూడా పోలేదు, 40 దాటి ఉండం. స్పీడు గన్ను ఉన్నా అందులో మహా అయితే చిన్న తప్పే కనిపించేది. రెండో మలుపులో లైనరు కమురు వాసన. నాలుగో మలుపులో పెడలు మెత్తబడింది. గేరు వేయబోతే పడలేదు, పళ్లు రాసుకుని అరిచాయి. క్లీనరు "బావా, లోయ!" అన్నాడు. కుర్రాడు స్టీరింగు ఎడమకు, కొండ వైపుకు కోసేశాడు. లోయకు పోకుండా బండను గుద్దుకున్నాం. ఆ ఒక్క పనికి నేనతనికి రుణపడి ఉన్నాను. కానీ ఎడమ సీటు క్లీనరుది. అతని కాలు నా డాష్‌బోర్డుకూ తలుపుకూ మధ్య నలిగింది. తెల్లారి ఎవరో గ్యాసు కట్టరు తెచ్చేదాకా అతను కుర్రాడి చెయ్యి వదల్లేదు.

నిర్లక్ష్యంగా నడిపాడని డ్రైవరు మీద కేసు రాశారు. ఆరింటికల్లా అన్న మాట ఏ కాగితం మీదా లేదు.

ఆ తర్వాత నన్ను ఇక్కడికి లాక్కొచ్చారు. మొదట బ్యాటరీ పోయింది. పక్క వారం టైర్లు. గేరుబాక్సు ఎవరో పట్టుకెళ్లారు, పోతూ పోతూ నా లివరు మీది గుండును వదిలేశారు. గురువుగారి అరచేతికి నున్నబడిన గుండు అది. డ్రైవరు సీటులో ఒక కోడి గుడ్లు పెట్టింది. తొట్టి చెక్కలు రెండు పొంగళ్లకు పొయ్యిలోకి పోయాయి. ఎండాకాలం మధ్యాహ్నాలు నా రేకులు టక్ టక్ మని సాగుతుంటాయి, అది విని కుక్కలు లేచి చూసి మళ్లీ పడుకుంటాయి. ఎర్రమట్టి పట్టిన టిప్పర్లు రోడ్డు మీద పోతుంటే వాటి మోతను బట్టి ఎంత బరువు వేశారో చెప్పగలను. చెప్పినా వినేవాళ్లు లేరు.

మొన్న గురువుగారు వచ్చాడు. మనవడు చెయ్యి పట్టుకుని నడిపించాడు. ఆయన నా ముఖం వైపు చూడలేదు, తడుముకుంటూ నేరుగా ముందు డ్రమ్ము దగ్గరికి వెళ్లాడు. వెనకటికి లైనర్లు మార్పించిన ప్రతిసారీ పానాతో డ్రమ్మును కొట్టి వినేవాడు. పగులు లేని డ్రమ్ము గుడిగంటలా మోగుతుంది. మనవడి చేత ఒక రాయి తెప్పించుకుని కొట్టాడు. మోగింది. రెండోది మోగింది. వెనక ఎడమది తుప్పు రాల్చి మోగింది. కుడి వైపుకు వచ్చి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. పగిలిన కుండ చప్పుడు.

"ఏటి తాతా?" అన్నాడు మనవడు.

ఆయన మాట్లాడలేదు. అరచెయ్యి ఆ డ్రమ్ము మీద ఆనించి, వేడి చూస్తున్నవాడిలా, పొద్దు వాలేదాకా అక్కడే కూర్చున్నాడు.