పరీక్ష రోగికే!

హైదరాబాద్‌ కొత్తపేటలో పండ్ల మార్కెట్‌ ఖాళీ చేసిన జాగా టిమ్స్‌ ఆస్పత్రికి దక్కింది. గోడల సంగతి సరే, సూది పట్టబోయే చేతుల మాటేమిటి? ఆపరేషన్‌ బల్ల ఎక్కాలంటే రోగికి హెపటైటిస్‌ బి పరీక్ష చేయాల్సిందే. కత్తి పట్టేవారిని ఆ ముక్క అడిగితే మాత్రం అమర్యాద! వారు వేయించుకోవడానికి టీకా దొరకదా అంటే, మన హైదరాబాద్‌ శాంతా బయోటెక్నిక్స్‌ 1997లోనే దాన్ని మార్కెట్లోకి తెచ్చింది.

‘ఎప్పుడో వేయించుకున్నాంగా’ అంటారు. వేయించుకోవడం వేరు, పట్టడం వేరు. మూడు డోసులూ పూర్తయినా పెద్దవాళ్లలో నూటికి 5 నుంచి 10 మందికి రక్షణ రాదు. చివరి డోసు అయిన ఒకటి రెండు నెలలకు యాంటీబాడీలు మిల్లీలీటరుకు 10 మిల్లీ యూనిట్లకు చేరాయో లేదో చూస్తేనే తేలుతుంది. ‘గ్లవ్స్‌ ఉన్నాయిగా’ అంటారు. ఆ సంగతి సూదికి తెలియదు. వైరస్‌ దండిగా ఉన్న రోగికి వాడిన సూది టీకా లేని చేతికి గుచ్చుకుంటే, జబ్బు అంటుకునే అవకాశం నూటికి 30 దాకా. హెచ్‌ఐవీకి 0.3 మాత్రమే. అయినా హడలు దానికే! ‘తీరికేదీ?’ అన్నది ఆఖరి జవాబు. నిజమే మరి, టీకాలు వేయించుకోండంటూ జనానికి చెప్పడంతోనే పొద్దు గడిచిపోతోంది!