మెకానిక్ షెడ్డు పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది):

బండి పెట్టి పోండి, పని పట్టి చూస్తాము
విప్పి చూడకుండ వీలు కాదు
కొత్త పార్టు వేస్తె గుర్రమై పోతుంది
మీరు చూసి యిస్తె మేలు సారు

ప్రతిపదార్థం:

బండి = నిన్నటిదాకా బ్రహ్మాండంగా నడిచిందని యజమాని ఒట్టు పెట్టే ద్విచక్ర వాహనం; పెట్టి పోండి = పక్కన నిలబడి ప్రశ్నలు వేయకండి; పని పట్టి = ఎవరి పని అన్నది కవి దాచాడు; చూస్తాము = చూసేది షెడ్డులో కుర్రవాడొక్కడే, బహువచనం అలంకారార్థం; వీలు కాదు = విప్పాక బండిని ఇంకో షెడ్డుకు తోలుకుపోవడం మీకు వీలు కాదు; కొత్త పార్టు = డబ్బాలోంచి తీసినది, ఆ డబ్బా మీకు కనబడదు; గుర్రమై = అంటే అప్పుడప్పుడు మొరాయిస్తుంది; మీరు చూసి = జేబు చూసుకుని; సారు = బేరమాడటానికి మొహమాటపడేవాడు.

తాత్పర్యం:

రెండో పాదంలో అబద్ధం లేదు. క్లచ్ ప్లేట్లు ఎంత అరిగాయో విప్పితేగాని తేలదు. చిక్కల్లా జబ్బు చెప్పేవాడూ మందు అమ్మేవాడూ ఒకడే కావడం. 1973లో డార్బీ, కార్నీ అనే ఆర్థికవేత్తలు ఈ సంగతికే భాష్యం రాశారు: కొన్ని సేవలకు డబ్బు కట్టాక కూడా అవి అవసరమో కాదో కట్టినవాడికి తెలియదట. బండి స్టార్టయింది సరే, మార్చిన కాయిల్ వల్లనా, బిగించిన వైరు వల్లనా? సారుకు అంతుపట్టదు, మేస్త్రీ చెప్పడు.

విశేషాలు:

దోషమంతా కవిదేనని పూర్వ వ్యాఖ్యాతలు, అంటే మనమే, తీర్మానించేశాం. అది ఏకపక్షం. ప్లగ్ క్యాప్ వదులైందని ఒక మేస్త్రీ రెండు నిమిషాల్లో కనిపెట్టాడు. లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ నొక్కి, వంద రూపాయలు అడిగాడు. "క్యాప్ నొక్కినందుకు వందా?" అని సారు ఇరవై చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. మరోసారి బండి ఆగితే, అదే సారు ఇంకో షెడ్డులో అక్కర్లేని కాయిల్‌కు ఎమ్మార్పీ మొత్తం మారుమాటాడకుండా కట్టాడు. సామానుకు ధర ఒప్పుకుంటాం, కనిపెట్టిన బుర్రకు ఒప్పుకోం. అందుకే ఆ కూలి స్పేర్ పార్టుల కొట్టు కమీషన్‌లోకి జారుకుంది. నిజం చెప్పినవాడికి ఇరవై దక్కితే రెండోసారి వాడైనా ఏం చెబుతాడు?

పాఠాంతరం: హైదరాబాద్ ప్రతుల్లో "సారు"కు బదులు "అన్న" అని ఉంది. సంధి కలిసి "మేలన్న" అయితే గణం చెడుతుంది. బిల్లు మాత్రం మారదు.

బిల్లు అన్నాను గాని, పద్యంలో ఆ మాటే లేదు. జీఎస్టీ కలుస్తుందని సారు అడగడు, రాయడం బద్ధకమని మేస్త్రీ ఇవ్వడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం బిల్లు ఇవ్వకపోవడాన్ని అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది, ఫిర్యాదుకు 1915 నంబరూ ఉంది. కాకపోతే, కాగితం లేకుండా ఏం చూపించి ఫిర్యాదు చేస్తారు?

కనుక చదువరులారా, ఈసారి షెడ్డుకు వెళ్లినప్పుడు విప్పిన పాత పార్టు, కొత్తదాని డబ్బా, బిల్లు మూడూ అడిగి తీసుకోండి. చూసిన కూలి మాత్రం అడక్కముందే ఇచ్చేయండి.